రాత్రికి రాత్రే ఎర్రబడిన బల్ల

చిట్టీ, బుజ్జీ,

"తాతయ్యా, శనివారమంతా తోమితే నాన్న తెచ్చిన పాత కరెంటు రంపం ఇనుప బల్ల అద్దంలా తయారైంది. ఆదివారం పొద్దున చూస్తే మళ్ళీ ఎర్ర మచ్చలు. రాత్రి గరాజ్‌లోకి ఎవరొచ్చారు?" అని అడిగారు కదా. వచ్చింది ఏప్రిల్ గాలి.

మీ షికాగోలో చలికాలమంతా గరాజ్‌తో పాటు ఆ బల్ల కూడా చల్లబడిపోయి ఉంటుంది. ఏప్రిల్‌లో ఏదో ఒక రోజు వెచ్చని తేమగాలి తోసుకొస్తుంది. గాలి గంటలో వేడెక్కుతుంది, అంత బరువున్న ఇనుము మాత్రం మెల్లిగా గానీ వేడెక్కదు. ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ గ్లాసుకు చెమట పట్టినట్టే దానికీ పడుతుంది. మీరు తోమి పైన ఏమీ రాయకుండా పడుకున్నారు. తుప్పుకు ఒక్క రాత్రి చాలు.

మీ నానమ్మ దోసె పెనం తలుచుకోండి. అదీ బీడే, ఇదీ బీడే. బీడంటే కరిగించి అచ్చులో పోసిన ఇనుము. పెనాన్ని తోమి తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు. అందుకే నానమ్మ దాన్ని పొయ్యి మీద ఆరబెట్టి, సగం కోసిన ఉల్లిపాయతో నూనె రుద్ది పెడుతుంది. బల్లకూ అదే వైద్యం. ముందు కిరసనాయిలు గానీ తుప్పు వదిలించే పల్చటి నూనె గానీ పోసి అరగంట నాననివ్వాలి. తర్వాత రేజర్ బ్లేడును వాల్చి పట్టుకుని పైపొర గీకాలి. చదునైన చెక్కముక్కకు 220 నంబరు ఎమరీ పేపరు చుట్టి, నూనె వేస్తూ బల్ల నిడివినా రుద్దాలి. తర్వాత 320, ఆఖర్న 400. చెక్కముక్క లేకుండా వేళ్ళతోనే రుద్దితే వేళ్ళ కింద గుంటలు పడతాయి. గ్రైండర్ మాత్రం దగ్గరకు రానివ్వొద్దని మీ నాన్నకు చెప్పండి. పది నిమిషాల పని మిగులుతుంది కానీ, అది చేసే పల్లం ఎప్పటికీ పూడదు.

జిడ్డంతా స్పిరిట్‌తో తుడిచాక పేస్టు మైనం పల్చగా పట్టించి, పది పదిహేను నిమిషాలు ఆగి గుడ్డతో మెరుగు పెట్టాలి. ఇలా రెండు పూతలు. సిలికాన్ కలిసినవి వద్దు, అది చెక్కకు అంటుకుంటే తర్వాత వేసే వార్నిష్ చేప కళ్ళలా గుంటలు పడి పాడవుతుంది. చల్లటి కోక్ డబ్బా బల్ల మీద పెడితే గుండ్రటి తుప్పు, చెమట చేత్తో తాకితే వేలిముద్ర తుప్పు. దొంగను పట్టుకోవడానికి పనికొస్తుంది గానీ, బల్లకు మంచిది కాదు.

పెనం పోలిక ఇంతవరకు బాగా నడిచింది, ఇక్కడ కాస్త కుంటుతుంది. పెనం మీది నూనె వేడికి గట్టిపడి పొరగా అతుక్కుపోతుంది. బల్లను పొయ్యి మీద పెట్టలేం కదా, అందుకని మైనం అరుగుతూనే ఉంటుంది. వాడకాన్ని బట్టి నెలకో రెండు నెలలకో మళ్ళీ పూయాలి.

బుజ్జి అడిగిన రెండోది ఇంకా మంచి ప్రశ్న. బోల్టులు తెల్ల వెనిగర్‌లో రాత్రంతా ఉంచితే తుప్పు పోయింది, వాటితో పాటు వేసిన బీడు చక్రం మాత్రం మసిలా నల్లబడి చేతికి అంటుతోందేమని. బీడులో నూటికి మూడు పాళ్ళకు అటూ ఇటూగా కర్బనం ఉంటుంది. అందులో ఎక్కువ భాగం సన్నటి రేకుల్లా, అంటే మీ పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్‌గానే ఉంటుంది. ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది, గ్రాఫైట్‌ను ఏమీ చేయలేదు. మిగిలిన ఆ పెన్సిలే మీ చేతికి అంటింది! బ్రష్‌తో కడిగి, వంటసోడా నీళ్ళలో ముంచి, వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి నూనె పూయండి. ఆలస్యం చేస్తే కళ్ళముందే ఎర్రబడుతుంది.

ఆ రేకులే బల్లకు బలమూ బలహీనతా. మోటారు అదురును అవి మింగేస్తాయి, కోత నునుపుగా వస్తుంది. కానీ బీడు వంగదు, విరుగుతుంది. కాబట్టి ఎక్కడా సుత్తితో మోదవద్దు.

మీరు పంపిన ఫొటోలో రంపానికి ముందొక చక్రం, పక్కనొక చక్రం ఉన్నాయి. మీ నాన్న తెచ్చింది డెల్టా కంపెనీ వాళ్ళ యూనిసా అనే రంపం. 1939లో మీకు గంటన్నర దూరంలో ఉన్న మిల్‌వాకీలో పుట్టిన నమూనా అది. ముందరి చక్రం తిప్పితే పది అంగుళాల బ్లేడు లేస్తుంది, పక్క చక్రం తిప్పితే 45 డిగ్రీల దాకా వాలుతుంది. అంతకు ముందు చాలా రంపాల్లో బల్లనే వాల్చాల్సి వచ్చేది, బల్లతో పాటు చెక్కా జారేది. ఇందులో బల్ల కదలదు, బ్లేడే వంగి దణ్ణం పెడుతుంది.

చక్రాలు తిరగడం లేదంటే గేర్లు పాడయ్యాయనుకోవద్దు. ఎవరో మంచి మనసుతో గ్రీజు పూసి ఉంటారు. ఏళ్ళ తరబడి దానికి రంపపు పొట్టు అంటుకుని అట్టలా గట్టిపడుతుంది. కిరసనాయిలూ పాత టూత్‌బ్రష్షూ చాలు. కడిగాక మళ్ళీ గ్రీజు పూయకూడదు, పొట్టు అంటని మైనమో, ఆరిపోయే పొడి లూబ్రికెంటో వేయాలి. పాత రంగును పొడిగా గీకవద్దు. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో సీసం 1978లో నిషేధించారు. ఈ యంత్రం అంతకంటే పాతదే కావచ్చు. ఆ దుమ్ము పిల్లలకు మరీ చేటు. ఆ పూట మీరిద్దరూ లోపలే ఉండాలి.

బ్లేడు ఇరుసును, అంటే షాఫ్ట్‌ను, చేత్తో తిప్పినప్పుడు గరగరమంటే బేరింగులు మార్చాలి. నంబరు వాటి పక్క మూత మీదే ఉంటుంది, అదే తెప్పించాలి. షాఫ్ట్‌కు ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే నొక్కాలి. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ గోళీల మీదుగా పోయి అవి తిరిగే దారిలో గుంటలు పడతాయి, కొత్త బేరింగే మొదటి రోజు నుంచి మూలుగుతుంది. సులువు ఏమిటంటే షాఫ్ట్‌ను రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టడం. చల్లబడి వెంట్రుకవాసి సన్నబడుతుంది. మా చిన్నప్పుడు బండి చక్రానికి ఇనుప పట్టా ఇలాగే వేసేవారు, కాకపోతే తలకిందులుగా: పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, అది సాగగానే చెక్క చక్రం మీదికి దింపి, చుట్టూ నీళ్ళు గుమ్మరించేవారు. బుస్సుమని ఆవిరి లేచేది, పట్టా బిగిసేది. దానికి మేకు అక్కర్లేదు.

మోటారు నుంచి బ్లేడును తిప్పే బెల్టులు మూడూ ఒకేసారి మార్చమనండి. ఒక్కటే కొత్తదైతే బరువంతా దాని మీదే పడుతుంది. బడి వర్క్‌షాపు నుంచి వచ్చిన యంత్రమైతే మోటారు మూడు ఫేజులదై ఉండొచ్చు, ఇంటి కరెంటుకు నేరుగా తిరగదు. ముందు నేమ్‌ప్లేటు చదవండి.

ఇక అసలు పని, బల్ల మీది గాడికి బ్లేడును సమాంతరంగా నిలపడం. ప్లగ్గు పీకాక, బ్లేడులో ఒక పంటికి స్కెచ్‌పెన్‌తో గుర్తు పెట్టి, ఆ పన్ను ముందుకు తెచ్చి గాడి నుంచి దూరం కొలవాలి. తర్వాత అదే పంటిని వెనక్కి తిప్పి కొలవాలి. వేరే పన్ను కొలిస్తే బ్లేడు వంకర కూడా లెక్కలో కలిసిపోతుంది. తేడా 0.1 మిల్లీమీటరు లోపు ఉండాలి, అంటే మీ నోటుబుక్కు కాగితమంత. ఎక్కువుంటే బల్లను కింది పెట్టెకు పట్టిన బోల్టులు వదులు చేసి, చెక్క సుత్తితో మెల్లగా తట్టి సరిచేయాలి. వెనకవైపు ఇరుకైతే చెక్క కాలి నల్లబడుతుంది, లేదా బ్లేడు దాన్ని పట్టి మనిషి మీదికి విసురుతుంది. నిమిషానికి సుమారు 4000 చుట్లు తిరిగే ఆ బ్లేడు పన్ను గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. కోసిన చెక్క మళ్ళీ మూసుకుని బ్లేడును పట్టకుండా వెనక ఒక రేకు, పైన మూత ఉంటాయి. పాత యంత్రాలతో ఇవి చాలాసార్లు రావు, వెతికి బిగించే దాకా కోత వద్దు. మీరు స్విచ్ జోలికి పోవద్దని వేరే చెప్పాలా?

బల్లకు రెండు వైపులా బిగించిన రెక్కల బయటి అంచు కిందికి వాలితే, అతుకు దగ్గర బోల్టుల కింద సోడా డబ్బా రేకు ముక్క దూర్చాలి. అంచు లేస్తుంది. ఎందుకు లేస్తుందో తలుపు బందులు చూస్తూ ఆలోచించండి, నేను చెప్పను.

ఒక పని మాత్రం మీరే చేయాలి. సాయంత్రం గరాజ్ లైటు ఆర్పి, మీ నాన్న పొడవు స్టీలు స్కేలును బల్ల మీద అంచున నిలబెట్టండి. ఒకరు వెనక నుంచి టార్చి వేయండి, ఇంకొకరు ముందు నేల మీద మోకాళ్ళేసి, కన్ను బల్ల ఎత్తుకు తెచ్చి చూడండి. వేలికి నున్నగా తగిలే చోట కూడా సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. వెంట్రుక దూరనంత సందులోంచి కూడా వెలుగు దూరిపోతుంది! నిలువుగా, అడ్డంగా, రెండు మూలల మీదుగా పెట్టి చూసి, ఎక్కడెక్కడ వెలుగొచ్చిందో కాగితం మీద బల్ల బొమ్మ గీసి గుర్తులు పెట్టి నాకు పంపండి.

మీ తాతయ్య