ఈ నేరం సాలీడుది కాదు

వానలు మొదలై, ట్యూబ్‌లైట్ చుట్టూ పురుగులు ముసిరే రోజుల్లో హైదరాబాద్‌లోని చర్మ వైద్యుల దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది: "రాత్రి నిద్రలో సాలెపురుగు పాకినట్టుంది డాక్టర్‌గారూ." మెడ మీదో చెంప మీదో పొడుగ్గా ఎర్రటి చార, దాని మీద సన్నటి నీటిపొక్కులు, ఒకటే మంట. సాలీడును చూశారా అని అడిగితే మాత్రం లేదంటారు. పాతబస్తీలో దాన్నే మక్డీ అంటారు. కొందరైతే పాకడం కాదు, ఉచ్చ పోసిందంటారు. సాక్షి ఎవరూ లేరు గానీ ముద్దాయి మాత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

సాలీడు పాకినంత మాత్రాన పొక్కులు రావు. మన ఇళ్లలో తిరిగే సాలీళ్ల ఒంటి మీద విషం ఉండదు. వాటి విసర్జనలోనూ ఉండదు. నోటి ముందుండే రెండు కోరల గుండా మాత్రమే విషం బయటికి వస్తుంది, అంటే అది కరిస్తేనే ఏదైనా జరగాలి. యులోబోరిడే అనే ఒక కుటుంబపు సాలీళ్లకైతే విషగ్రంథులే లేవు. అవి పురుగును దారంతో చుట్టి చుట్టి లొంగదీసుకుంటాయి.

మరి ఆ చార ఎక్కడిది? చాలాసార్లు అది పెడెరస్ అనే చిన్న పెంకుపురుగు చేసిన పని. సెంటీమీటరుకు మించని పొడవు, నారింజ, నలుపు పట్టీలు, దూరం నుంచి చూస్తే పెద్ద చీమ అనుకుంటాం. దీన్ని కొందరు యాసిడ్ పురుగు అంటారు. వానాకాలంలో వెలుతురు కోసం కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఇది కరవదు, కుట్టదు. మెడ మీద వాలినప్పుడు మనమే నిద్రమత్తులో అరచేత్తో నలిపేస్తాం. దాని ఒంట్లోని ద్రవంలో పెడెరిన్ అనే ఘాటైన విషపదార్థం ఉంటుంది. చెయ్యి ఎటు రాస్తే అటు చార పడుతుంది. మోచేతి మడతలో నలిగితే, మడతకు అటూ ఇటూ ఒకే ఆకారంలో జంట మచ్చలు తేలుతాయి. విచిత్రం ఏమిటంటే ఆ పెడెరిన్‌ను పురుగు సొంతంగా తయారు చేసుకోదు, దాని లోపల కాపురం ఉండే బ్యాక్టీరియా తయారు చేసిపెడుతుంది.

పొక్కులు వెంటనే రావు. చాలామందికి మర్నాడు తేలతాయి. అప్పటికి నలిగిన పురుగు ఆనవాలు కూడా ఉండదు. లేచి చుట్టూ చూస్తే గోడ మూల కనిపించేది సాలీడు ఒక్కటే. నేరం ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా? ఈ పురుగు ఒంటి మీద వాలితే నలపకుండా ఊది వదిలించుకుని, ఆ చోటు సబ్బుతో కడుక్కుంటే చాలు. అదే చేత్తో కన్ను నులుముకుంటే మాత్రం కన్ను వాచిపోతుంది.

ఇంకో రకం పొక్కులున్నాయి, వీటి విషయంలో పొరపాటు ఖరీదైనది. నడుముకో ఛాతీకో ఒక పక్కనే, పట్టీ కట్టినట్టు గుంపుగా లేస్తాయి. ముందు రెండు మూడు రోజులు ఆ చోట సలుపో మంటో ఉంటుంది. తర్వాత పొక్కులు. ఇది సర్పి. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్సే అది తగ్గాక ఒంట్లోంచి పోకుండా నరాల మొదళ్లలో దాక్కుని, వయసు మీద పడ్డాకో, ఒంట్లో శక్తి తగ్గాకో మళ్లీ లేస్తుంది. ఒక నరం పరిధిలోనే వస్తుంది కాబట్టి సాధారణంగా శరీరానికి ఒక పక్కకే పరిమితం. పొక్కులు తేలిన 72 గంటల్లోపు యాంటీవైరల్ మందులు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. కానీ మన ఇళ్లలో ఆ మూడు రోజులూ సాలీడు పాకిందనుకుని పసుపు రాయడంలోనే గడిచిపోతాయి. ఆలస్యమైతే పొక్కులు మానినా నరం నొప్పి కొందరికి నెలల తరబడి వదలదు. కంటి దగ్గర వస్తే చూపుకే ముప్పు.

అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ హాస్టళ్లలో ఉండే కుర్రాళ్ల కేసు వేరు. పొద్దున లేచేసరికి చేతి మీద వరసగా మూడు నాలుగు దద్దుర్లు. సాలీడు రక్తం తాగే జీవి కాదు, నిద్రపోతున్న మనిషిని వరసపెట్టి కరవాల్సిన అవసరం దానికి లేదు. పరుపు కుట్ల దగ్గర టార్చ్ వేసి చూడండి, నల్లులు దొరుకుతాయి. మంచం కింద సాలీడును చంపితే దద్దుర్లు ఆగవు.

ఇంతవరకూ అయితే నవ్వుకుని వదిలేయొచ్చు. కట్లపాము దగ్గర నవ్వులాట కుదరదు. శంషాబాద్, ఘట్‌కేసర్, శంకర్‌పల్లి వైపు పొలాలూ రాళ్లగుట్టలూ ఉన్నచోట కొత్త కాలనీలు లేస్తున్నాయి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. దాని కోరలు చిన్నవి. కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా ఉండవు, ఒక్కోసారి గాటు కూడా కనిపించదు. "ఏదో సాలెపురుగు కుట్టిందిలే" అని పక్కకు తిరిగి పడుకుంటారు. కొన్ని గంటల్లో కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఆ తర్వాత ఊపిరి అందకపోవడం. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి దాదాపు 58,000 మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. పాముకాటుకు మందు ఉంది, ఆస్పత్రికి సమయానికి చేరాలి. నేరాన్ని సాలీడు మీద తోసేసి నిద్రపోయే గంటలే ఇక్కడ ప్రాణం తీస్తాయి.

జ్వరంతో పాటు చంకలోనో గజ్జల్లోనో నొప్పి లేని నల్లటి పెచ్చు కనిపిస్తే అది కూడా సాలీడు కాటనుకుంటారు. అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. కంటికి ఆనని చిగ్గర్ అనే పురుగు పిల్ల (పరుపులో నల్లి కాదు) కుడితే వచ్చే జబ్బు, డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుకు లొంగుతుంది, గుర్తించకపోతే ముదురుతుంది. షుగర్ ఉన్నవాళ్ల కాలి మీద చీము పట్టి పెరిగే పుండు సంగతీ అంతే. దాని వెనక తరచూ ఉండేది బ్యాక్టీరియా.

ఈ అపనింద ఒక్క హైదరాబాద్‌ది కాదు. అమెరికాలో బ్రౌన్ రెక్లూస్ అనే సాలీడు ఉంది, దాని కాటుకు కొన్నిసార్లు చర్మం కుళ్లి పుండు పడుతుంది. ఆ సాలీడు సహజంగా నివసించని రాష్ట్రాల్లో కూడా డాక్టర్లు దాని కాటే అని రాసేవారు. 2001లో కాన్సస్ రాష్ట్రంలో ఒక కుటుంబం ఉంటున్న ఇంట్లో ఆరు నెలల్లో 2,055 బ్రౌన్ రెక్లూస్ సాలీళ్లు దొరికాయి. ఇంట్లో ఒక్కరికీ కాటు పడలేదు. రిక్ వెట్టర్ అనే సాలీళ్ల శాస్త్రవేత్త ఈ లెక్కను ప్రచురించి, సాలీడే లేని చోట ఇన్ని కాట్లు ఎలా వస్తున్నాయని నిలదీశాడు.

ఆస్ట్రేలియాలో జెఫ్రీ ఇస్‌బిస్టర్, మైకేల్ గ్రే ఇంకా గట్టి పని చేశారు. కరవడం మనిషి కళ్లారా చూసి ఉండాలి, ఆ సాలీడును పట్టి తేవాలి, నిపుణుడు దాన్ని గుర్తించాలి. ఈ మూడూ ఉన్న కాట్లనే లెక్కలోకి తీసుకున్నారు. 2002లో వచ్చిన ఆ అధ్యయనంలో అలాంటివి 750. వాటిలో చెప్పుకోదగ్గ బాధ కలిగించినవి 44, అందులో 37 రెడ్‌బ్యాక్ అనే ఒక్క జాతివే. చర్మం కుళ్లిన కేసు ఒక్కటి కూడా లేదు. విషపు సాలీళ్లకు పేరుపడ్డ దేశంలో సంగతి ఇది. సిడ్నీ చుట్టుపక్కల ఉండే ఫన్నెల్‌వెబ్ సాలీడు నిజంగానే ప్రమాదకరం, కానీ 1981లో దాని విషానికి విరుగుడు వచ్చాక ఆ కాటుతో ఎవరూ చనిపోలేదు.

ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన సాలీడు జాతులు 50,000 దాటాయి. మనిషికి నిజంగా హాని చేయగలిగినవి అందులో చాలా కొద్ది. మిగతావాటిలో చాలావాటి కోరలు మన చర్మంలో సరిగ్గా దిగవు, దిగినా ఆ విషం పురుగుల నరాల కోసం తయారైనది. పైగా విషం మళ్లీ ఊరడానికి సమయం, తిండి కావాలి. తినలేని జీవి మీద దాన్ని ఖర్చు పెట్టడం సాలీడుకు నష్టం. చొక్కాలోనో బూటులోనో ఇరుక్కుని నలిగిపోతున్నప్పుడే సాధారణంగా కరుస్తుంది.

హైదరాబాద్ ఇళ్లలో కనిపించేవి ఎవరో చూద్దాం. రాత్రి బాత్రూమ్ లైట్ వేయగానే గోడ మీద అరచేయంత కనిపించి గుండె ఆగినంత పని చేసేది హంట్స్‌మన్. గూడు అల్లదు, బొద్దింకలను వేటాడుతుంది. ఆడది పొట్ట కింద తెల్లటి బిళ్ల పట్టుకుని తిరుగుతుంటే అది గుడ్ల సంచి. చేత్తో అదిమితే కరుస్తుంది, నొప్పి ఉంటుంది, తగ్గిపోతుంది. గోడ మీద గెంతుతూ ఆగి ఆగి మనవైపే తిరిగి చూసే చిన్నది గెంతే సాలీడు, దాని కళ్లు సాలీళ్లలోకెల్లా మేలైనవి. దసరాకు బూజు దులిపేటప్పుడు మూలల్లో సన్నటి పొడుగు కాళ్లతో వేలాడుతూ, కర్ర తగలగానే గిరగిరా ఊగేది ఇంకొకటి. లోకంలోకెల్లా విషం దీనిదే, కోరలు పొట్టివి కాబట్టి బతికిపోయాం అని దీని గురించి ఒక కథ ఉంది. దానికి ఏ ఆధారమూ లేదు. నిద్రలో ఏడాదికి ఎనిమిది సాలీళ్లు మింగుతామన్నదీ అంతే.

వాట్సాప్ ఫార్వర్డ్‌లలో నాకు బాగా నచ్చినది టాయిలెట్ సీటు కింద దాక్కుని మనుషుల్ని చంపే సాలీడు. 1999లో ఈమెయిల్‌గా పుట్టినప్పుడు దాని శాస్త్రీయ నామం అరాక్నియస్ గ్లూటియస్. గ్లూటియస్ అంటే పిరుదు కండరం! ఇంత బాహాటంగా వేళాకోళం చేసినా జనం నమ్మారు. తర్వాత ఎవరో ఆ పేరు తీసేసి టెలమోనియా డిమిడియాటా అని పెట్టారు. అది మన దేశంలో కూడా ఉండే, ఎవరికీ హాని చేయని గెంతే సాలీడు.

మన దగ్గర ఏ సాలీడూ ప్రమాదం కాదని చెప్పడం కూడా అబద్ధమే అవుతుంది. రెడ్‌బ్యాక్‌కు దగ్గరి జాతులు భారతదేశంలో అక్కడక్కడా నమోదయ్యాయి. చెట్టు తొర్రల్లో ఉండే పెద్ద పోసిలోథీరియా సాలీళ్లు కరిస్తే కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయి, చాలా బాధ. వీటిలో ఒకటి మన తెలుగు నేల సొత్తు. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టిన పోసిలోథీరియా మెటాలికా. మొదట దొరికింది అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప యార్డులో. తర్వాత వందేళ్లు ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. మెరిసే నీలిరంగు దానిది. విదేశాల్లో పెంపుడు జీవిగా కొనుక్కుంటారు, ఇక్కడేమో అది అంతరించే అంచున ఉంది. దాని కాటుతో మనం పడే బాధ కంటే మన చేతుల్లో అది పడే బాధే ఎక్కువ.

ఇక నిజంగా సాలీడు కరిచిందే అనుకోండి. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐస్ పెడితే చాలావాటికి అంతకు మించి అక్కర్లేదు. బ్లేడుతో గాటు పెట్టకూడదు, తాడు బిగించకూడదు. నొప్పి పాకుతున్నా, చెమటలు పోస్తున్నా, కండరాలు పట్టేస్తున్నా, కనురెప్పలు వాలుతున్నా, ఊపిరి ఆడకపోయినా ఇంట్లో కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. సాలీడును చూసి ఉంటే ఫొటో తీసి చూపించండి. చూడకపోతే డాక్టర్ దగ్గర సాలీడు పేరు ఎత్తొద్దు. "ఏదో కుట్టింది, అదేమిటో చూడలేదు" అంటే చాలు, పాము దాకా అన్నీ ఆయన ఆలోచిస్తారు.