పాల ప్యాకెట్లు, పప్పుచెక్క

చిన్నీకీ, బాబీకీ తాతయ్య దీవెనలు.

ఇంజనీరింగ్ కాలేజీ అన్నయ్యలు మీ బడికొచ్చి పాల ప్యాకెట్లు కడిగి ఇమ్మన్నారనీ, అవి ఏం చేసుకుంటారనీ చిన్ని మొన్న అడిగింది. ఫోన్లో సరిగా చెప్పలేకపోయాను. మా ఊళ్లోనూ అలాంటి బ్యాచ్ ఒకటి దిగింది. నాకేం పని కనక, వాళ్ల వెనకే తిరిగి చూశాను.

నానమ్మ పప్పుచెక్క చేయడం చూశారుగా? గట్టి బెల్లం పొయ్యి మీద పాకమవుతుంది. పల్లీలు కలిపి పళ్లెంలో సర్దితే మళ్లీ గట్టిపడుతుంది. పాల ప్యాకెట్టూ బెల్లంలాంటిదే. కరిగించి, ఇసుక కలిపి, అచ్చులో అదిమితే చల్లారాక పలక అవుతుంది. ఇసుకే పల్లీలన్నమాట. అన్ని ప్లాస్టిక్కులూ ఇలా లొంగవు. కుక్కరు పిడి ఉడికిన గుడ్డులాంటిది, ఎంత కాచినా మళ్లీ సొన కాదు. పాకం ముదిరితే మాడినట్టే పాల ప్యాకెట్టూ మాడుతుంది. ఆ పొగ మంచిది కాదు, ఇంట్లో ఎవరూ ప్రయోగాలు చేయకండి. బాబీ, నీకే చెబుతున్నా. ఇక పప్పుచెక్క ఆపుతాను, లేకపోతే పలకలకి చీమలు పడతాయా అంటావు.

ఆపే ముందు ఒక్కటి. మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీలో రాజగోపాలన్ వాసుదేవన్ అనే కెమిస్ట్రీ మాస్టారు ఈ వంటనే తిరగేశారు. వేయించిన పల్లీల మీద బెల్లం తురుము చల్లినట్టు, 160 డిగ్రీలకు పైగా కాగిన కంకర మీద ప్లాస్టిక్ తురుము చల్లారు. అది కరిగి ప్రతి రాయికీ పలచగా పట్టింది, ఆపైన కలిపిన తారు గట్టిగా అంటుకుంది. 2002లో ముందు కాలేజీ ఆవరణలోనే రోడ్డు వేసి చూశారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

నా చిన్నప్పుడు "బకెట్లకు మాట్లేస్తాం" అని అరుస్తూ ఒకాయన వచ్చేవాడు. కుంపటి, ఎర్రగా కాలిన చువ్వ, సంచీ నిండా పాత బకెట్ల ముక్కలు. మా ఎర్ర బకెట్ చిల్లు పడితే, అక్క విరగ్గొట్టిన దువ్వెన తీసుకెళ్లి ఇదేసి అతకమన్నాను. ఆయన దాన్ని గోటితో గీరి, చెవి దగ్గర పెట్టుకుని టకటకలాడించి, "దీనికీ దానికీ చుట్టరికం లేదు బాబూ" అన్నాడు. తన సంచీలోంచి బకెట్ ముక్కే తీసి, కాల్చి, తడిగుడ్డతో అదిమాడు. ఆ కమురు వాసన ఇంకా నా ముక్కులో ఉంది. అమ్మ ఆ బకెట్ మరో మూడేళ్లు వాడింది. మనమో, చిల్లు పడకముందే పారేస్తున్నాం.

మా ఊరొచ్చిన ఇంజనీరింగ్ పిల్లలకూ ఈ చుట్టరికమే, అంటే ఏ ప్లాస్టిక్ దేనితో కలుస్తుందన్నదే టెన్షన్ అయింది. మొదట అన్నీ కలిపి కాచారు. పలక బిస్కెట్‌లా విరిగింది. అప్పుడు మా వీధి చివర పాత సామాన్లు కొనే ఆవిడ వచ్చి గుట్ట ముందు చతికిలబడింది. ఒక్కో కవరూ గుప్పిట్లో నలిపి, గరగరమంటే ఒక పక్క, మెత్తగా ఉంటే ఇంకో పక్క. లోపల వెండి తళుకున్న చిప్స్ ప్యాకెట్లు దూరంగా విసిరేసింది. ఇంజనీర్లు కాబోయేవాళ్లు కింద కూర్చుని నోట్సు రాసుకుంటుంటే నాకు భలే ముచ్చటేసింది.

వాళ్లు బస్టాపుకి బెంచీ చేద్దామని వచ్చారట. డ్వాక్రా ఆడవాళ్లు, "బెంచీ ఎవరడిగారయ్యా? కుళాయి దగ్గర జారి పడుతున్నాం, ముందు అక్కడ వెయ్యండి" అన్నారు. వేశారు. కాలు జారకుండా పై పొరలో ఇసుక ఎక్కువ పోశారు. నేనూ చెప్పులు విప్పి నిలబడి చూశాను, అరికాలికి గరుకుగా తగిలింది.

చుట్టరికం కనిపెట్టే కిటుకు ఇంకోటి ఉంది. అమ్మనడిగి నీళ్ల సీసాలోంచి ఒక ముక్క, దాని మూతలోంచి ఒక ముక్క, పాల ప్యాకెట్‌లోంచి ఒకటి కత్తిరించుకోండి. మూడింటినీ బకెట్ నీళ్లలో అడుగుదాకా ముంచి వదలండి. మూత ఆ సీసాదే కదా, అయినా ఏం జరుగుతుందో చూడండి. నేను చెప్పను. ఆదివారం ఫోన్ చేసినప్పుడు మీరే చెప్పాలి.

మీ తాతయ్య