162 వెనకున్న సాంద్రత

గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఇనుము కొట్లలో స్టీలు కమ్మీ ఎంత బరువుంటుందని అడిగితే ప్రతిసారీ కాటా ఎక్కించరు. వ్యాసాన్ని దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తారు. 12 ఎంఎం కమ్మీ అయితే 144ని 162తో భాగించగా మీటరుకు 0.889 కిలోలు. 12 మీటర్ల నిడివికి 10.67 కిలోలు.

ఈ 162 గుడ్డి లెక్కేమీ కాదు. వ్యాసం మిల్లీమీటర్లలో ఉంటే, మీటరు పొడవు కమ్మీ ఘనపరిమాణం ఆ వ్యాసపు వర్గానికి 0.7854 రెట్లు, ఘన సెంటీమీటర్లలో. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు. రెండూ గుణిస్తే వర్గానికి 6.165 రెట్లు గ్రాములు వస్తాయి. వాటిని కిలోల్లోకి మార్చితే భాగహారంలో 162 మిగులుతుంది. అల్యూమినియం ఊచకి ఈ సూత్రం వాడితే బరువు దాదాపు మూడు రెట్లు ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే దాని సాంద్రత 2.7 మాత్రమే. కమ్మీ మీద ఉబికిన గీతల పైనుంచి వెర్నియర్ పెట్టి 12ని 13గా చదివినా చిక్కే. వ్యాసం రెండుసార్లు గుణించుకుంటుంది కాబట్టి ఒక్క మిల్లీమీటరు తప్పు బరువులో 17 శాతం అవుతుంది.

ఇక్కడ ఘనపరిమాణం తెలుసు, బరువు కావాలి, గుణించాం. ప్రయోగశాలలో సాధారణంగా వ్యవహారం తిరగబడుతుంది. కావలసింది గ్రాముల్లో ఉంటుంది, చేతిలో ఉన్నది మిల్లీలీటర్ల గీతలున్న కొలజాడీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 0.5 మోలార్ (లీటరుకు అర మోల్) ద్రావణం లీటరు చేయాలనుకోండి. మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ బరువు, 98 గ్రాములు కనుక 49 గ్రాముల ఆమ్లం కావాలి. సీసాలో ఉన్నది 98 శాతం ఆమ్లం, కాబట్టి 49ని 0.98తో భాగిస్తే 50 గ్రాముల సీసా ద్రవం. దాని సాంద్రత మిల్లీలీటరుకు 1.84 గ్రాములు. 50ని 1.84తో భాగిస్తే 27.2 మిల్లీలీటర్లు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో తరచూ జరిగే పొరపాటు, 49 గ్రాములన్నారని 49 మిల్లీలీటర్లు కొలిచి పోసేయడం. అలా చేస్తే ద్రావణం 0.5 కాదు, 0.9 మోలార్ దాకా పోతుంది. ఆపైన ఎన్ని టైట్రేషన్లు చేసినా లెక్క కుదరదు. (ఆమ్లాన్నే నీటిలో కొద్దికొద్దిగా పోయాలి. ఆమ్లంలోకి నీళ్లు పోస్తే అది ఉడికి చిందుతుంది.)

గుణించాలా, భాగించాలా అన్నది గుర్తుంచుకోవడానికి కోచింగుల్లో ద్రవ్యరాశి, సాంద్రత, ఘనపరిమాణం రాసిన త్రిభుజం బొమ్మ ఒకటి గీయిస్తారు. నన్నడిగితే దాన్ని పక్కన పెట్టేయడం మేలు. ప్రమాణాలు పక్కనే రాసుకుంటే చాలు, గ్రాములు గ్రాములతో కొట్టుడుపోయి మిల్లీలీటర్లు మిగలాలి. ఇంకో తనిఖీ కూడా ఉంది. నీటికన్నా సాంద్రత ఎక్కువున్న దేనికైనా గ్రాముల అంకె మిల్లీలీటర్ల అంకెను మించాలి. తక్కువున్నదానికి తిరగబడాలి. లీటరు వేరుశనగ నూనె ప్యాకెట్ సుమారు 910 గ్రాములే తూగేది అందుకే.

సాంద్రత పక్కన ఉష్ణోగ్రత రాయకపోతే ఆ అంకె సగమే చెప్పినట్టు. పెట్రోలు బంకుల్లో రాసిపెట్టే సాంద్రత 15 డిగ్రీల సెల్సియస్‌కు సరిచేసినది, ఘనపు మీటరుకు కిలోల్లో. వెయ్యితో భాగిస్తే మిల్లీలీటరుకు గ్రాములు. మన పెట్రోలుకు ఇది 720 నుంచి 775 మధ్య ఉండాలి. వైజాగ్ ఎండలో 35 డిగ్రీలున్నప్పుడు జాడీలో హైడ్రోమీటర్ (ద్రవంలో తేలుతూ సాంద్రత చూపే గాజు గొట్టం) వేస్తే, 745 ఉండాల్సిన పెట్రోలు 727 దగ్గర చూపిస్తుంది. డిగ్రీకి దాదాపు 0.9 చొప్పున తగ్గుతుంది మరి. థర్మామీటర్ చూడకుండా కల్తీ అని గొడవకు దిగడం సరికాదు. ఉష్ణోగ్రత పట్టిక చూసి 15 డిగ్రీలకు సరిచేశాకే పోల్చాలి.

సముద్రపు నీటి సాంద్రత మీరే కొలవాలంటే ఆర్.కె. బీచ్ నీళ్లు, 100 మిల్లీలీటర్ల కొలజాడీ సరిపోవు. మంచినీటికీ ఉప్పునీటికీ తేడా దాదాపు రెండున్నర శాతమే. జాడీలో ఒక్క మిల్లీలీటరు అటూఇటూ చదివితే అందులో ఒక శాతం పోయినట్టే. 50 మిల్లీలీటర్ల స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్ (మూతలో సన్న రంధ్రమున్న చిన్న గాజు సీసా), సెంటీగ్రాము దాకా చూపే కాటా కావాలి. నీటిని ముందు ఇసుక తేరేదాకా ఉంచి వడగట్టాలి. ఖాళీ సీసా 28.40 గ్రాములు, 30 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్‌తో 78.19 తూగిందనుకోండి. నీళ్లు 49.79 గ్రాములు. 30 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత 0.9957 కాబట్టి సీసా అసలు పరిమాణం 50.005 మిల్లీలీటర్లు. అదే ఉష్ణోగ్రతలో సముద్రపు నీటితో 79.41 తూగితే ఉప్పునీళ్లు 51.01 గ్రాములు, సాంద్రత 1.020. పుస్తకాల్లో కనిపించే 1.025 చల్లటి నీటి సంగతి.

పని చెడేది చిన్న చోట్లే. మూత కింద అర మిల్లీలీటరు గాలిబుడగ చిక్కితే సాంద్రతలో 0.01 పోతుంది. సీసా పొట్టను అరచేత్తో పట్టుకుంటే వేడికి నీళ్లు మూతలోని సన్న రంధ్రంలోంచి పైకి వచ్చేస్తాయి. మెడ దగ్గర పట్టుకుని, బయట తుడిచి, వెంటనే తూచాలి.

ఈ మూడో దశాంశం విశాఖ ఓడరేవులో డబ్బు విషయం. బైలదిల్లా గనుల నుంచి వచ్చే ఇనుప ఖనిజాన్ని ఓడకెత్తాక, ఓడ ఎంత లోతు మునిగిందో చూసి సరుకు బరువు కడతారు. నీటి సాంద్రత తగ్గితే ఓడ ఎక్కువ మునుగుతుంది కాబట్టి అప్పుడు ఆ సాంద్రత కొలిచి తీరాలి. లోపలి హార్బరులోకి మేఘాద్రి గెడ్డ అనే వాగు నీళ్లు వచ్చి కలుస్తాయి, వానాకాలంలో మరీను. 1.020 ఉన్న నీటిని 1.025 అనుకుని లెక్క వేస్తే, 60,000 టన్నుల సరుకు దగ్గర తేడా 290 టన్నుల పైమాటే.