సవానా అంటే చెట్లు కొట్టేసిన అడవి కాదండీ

సవానా అంటే అక్కడక్కడా చెట్లున్న గడ్డి మైదానం. మనవాళ్ళను అలాంటి చోట్లకు, టాంజానియాలోని సెరెంగెటికి, కెన్యాలోని మసాయి మారాకు తీసుకెళ్ళి తిప్పి చూపించడం నా పని. ప్రతి బ్యాచ్‌లోనూ అవే మాటలు వినిపిస్తుంటాయి కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా.

అపోహ: ఆఫ్రికా కదా, ఎండకు మాడిపోతాం.
మారా సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యాహ్నం ఎండ చురుక్కుమన్నా, తెల్లవారుజామున టాప్ తెరిచిన జీపులో పళ్ళు టకటకలాడతాయి. స్వెట్టర్ మర్చిపోవద్దు.

అపోహ: వానల్లేక చెట్లు లేవు, నాలుగు మొక్కలు నాటితే అడవైపోతుంది.
ఈ మాట వింటే మాత్రం నాకు చిరాకొస్తుంది. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబర్, డిసెంబర్లలో చిన్న వానలు పడతాయి. దక్షిణ సెరెంగెటిలో అడ్డొచ్చేది నేల. అగ్నిపర్వతాల బూడిద మేట వేసి, కింద సున్నపు పొర గట్టిపడిపోయింది, చెట్టు వేరు దిగదు. గడ్డికి పైనున్న కాస్త మట్టి చాలు. ఆ పొట్టి గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ దండిగా ఉంటాయి కాబట్టే వైల్డెబీస్టులు (మందలుగా తిరిగే పెద్ద జింక జాతి జంతువులు) ఫిబ్రవరి ప్రాంతంలో అక్కడికొచ్చి ఈనుతాయి. మిగతా చోట్ల చెట్టును ఎదగనివ్వనివి మంటలు, ఏనుగులు. గడ్డి చిగురేసే చోటు నేలమట్టంలో ఉంటుంది, పైన తగలబడినా వానకు మళ్ళీ లేస్తుంది. లేత మొక్కకు ఆ సౌకర్యం లేదు.

1890లలో రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగం తూర్పు ఆఫ్రికాలో ఆవులతో పాటు వైల్డెబీస్టులనూ ఊడ్చేసింది. తర్వాత ఆవులకు టీకాలు వేసి రోగం ఆగాక, 1961లో రెండున్నర లక్షలకు కాస్త పైనున్న సెరెంగెటి వైల్డెబీస్టుల మంద 1977కల్లా 12 లక్షలు దాటింది. అన్ని నోళ్ళు గడ్డి మేసేయడంతో మంటలు తగ్గాయి, మంటలు తగ్గాక చెట్లు వాటంతటవే పెరిగాయి. ఎవరూ గొయ్యి తవ్వలేదు!

అపోహ: తుమ్మకు ముళ్ళున్నాయిగా, జిరాఫీ దాని జోలికి పోదు.
పోతుంది. ముళ్ళ మధ్యనుంచే నాలుక పోనిచ్చి ఆకు దూసుకుంటుంది. అందుకే ఒక రకం తుమ్మ చీమలను కాపలా పెట్టుకుంది. ముల్లు మొదట్లో గోళీకన్నా పెద్ద బుడిపెలు, వాటికి చీమలు తొలిచిన బెజ్జాలు, గాలి వీస్తే సన్నటి ఈల. కొమ్మ కదిపారా, క్షణంలో చీమలు మీ చేతి మీదుంటాయి.

అపోహ: హైనా సింహం ఎంగిలి తిని బతుకుతుంది.
1960లలో టాంజానియాలోని న్గోరోంగోరోలో హన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త రాత్రిళ్ళు హైనాల వెంటపడి చూశాడు. చాలాసార్లు వేట హైనాలది, లాక్కునేది సింహం. పొద్దున మనం వెళ్ళేసరికి సింహం తింటుంటుంది, హైనాలు చుట్టూ కాచుకుని ఉంటాయి, మనం తిరగేసి అనుకుంటాం.

పులి చూపిస్తారా అని అడిగేవాళ్ళకు: ఆఫ్రికా అడవుల్లో పులి లేదు. వైల్డెబీస్టుల మంద మారా నది దాటే సీన్ ఏ తారీఖున అని అడిగేవాళ్ళకు: జూలై నుంచి అక్టోబర్ మధ్య ఎప్పుడైనా. మంద ఒడ్డు దాకా వచ్చి, గంటలు నిలబడి వెనక్కి తిరిగిపోయే రోజులూ ఉంటాయి, దానికి డబ్బులు వాపస్ అడక్కండి.