సేజ్‌బ్రష్ నేల బీడు కాదు: అపోహలు, వాస్తవాలు

అమెరికాలోని ఐడహో, నెవాడా రాష్ట్రాల మీదుగా కారులో వెళ్లొచ్చిన మనవాళ్లు నాతో అనే మాట ఒకటే: "అక్కడేముందండీ, అంతా తుప్పలే!" ఆ తుప్పల పేరే సేజ్‌బ్రష్, వాటి మధ్యే నా ఉద్యోగం.

అపోహ: అది ఉత్త పిచ్చిమొక్క.

వాస్తవం: ఒక ఆకు తెంపి నలిపి వాసన చూడండి. వినాయక చవితి పత్రి గుర్తుకొస్తుంది. మాచిపత్రి, దవనం, సేజ్‌బ్రష్ మూడూ ఆర్టెమీసియా అనే ఒకే ప్రజాతి మొక్కలే. వంటల్లో వేసే సేజ్‌కూ దీనికీ చుట్టరికం లేదు. సేజ్ గ్రౌస్ అనే పక్షి చలికాలమంతా దాదాపు ఈ ఆకు మీదే బతుకుతుంది. గట్టి గింజలు నూరుకునే కందనకాయ దానికి లేదు. ఈ పొద పోతే ఆ పక్షికి మేతే లేదు.

అపోహ: పొదల మధ్య ఉన్నది వట్టి మట్టి.

వాస్తవం: మోకాళ్ల మీద కూర్చుని, ఆ నల్లటి పెచ్చు మీద సీసాలో నీళ్లు కాసిని పోయండి. చూస్తుండగానే నాచు పచ్చబడుతుంది. నాచు, లైకెన్లు, సయనోబాక్టీరియా కలిసి మట్టిని పట్టి ఉంచే పొర అది. ఒక్క జీపు తొక్కితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

అపోహ: చెట్లు నాటితే బాగుపడుతుంది.

వాస్తవం: మేం చెట్లు కొడుతున్నాం! కొండల మీంచి దిగి వస్తున్న జునిపర్ చెట్ల మీద డేగలు, మాలకాకులు గ్రౌస్ కోసం మాటు వేస్తాయి. చెట్లు కాస్త పెరిగితే చాలు, గ్రౌస్ ఆ చోటు వదిలేస్తుంది. ఒకప్పుడు మన రోళ్లపాడులో తిరిగిన బట్టమేక పిట్టకూ అంతే, నాలుగు వైపులా కనుచూపు ఆనే బయలు కావాలి.

అపోహ: కాలిపోయినా మళ్లీ చిగురిస్తుంది.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది ఈ నమ్మకమే. బిగ్ సేజ్‌బ్రష్ అనే రకం కాలితే మొదట్లోంచి చిగురు రాదు, విత్తనమే దిక్కు. ఆవగింజ కన్నా ఎంతో చిన్నదైన ఆ గింజ తల్లిమొక్కకు కొన్ని అడుగుల దూరంలోనే రాలుతుంది, ఒకటి రెండేళ్లకు మించి మట్టిలో బతకదు. ఈలోగా చీట్‌గ్రాస్ ఆ చోటు ఆక్రమిస్తుంది. 19వ శతాబ్దం చివర్లో యూరప్, ఆసియాల నుంచి వచ్చిన గడ్డి ఇది. మిగతావి నిద్ర లేవకముందే నేలలో తడి తాగేసి, జూన్‌కల్లా ఎండి చుట్టలు చుట్టిన కాగితంలా అంటుకుంటుంది. దశాబ్దాలకోసారి వచ్చే మంట కొన్నిచోట్ల ఐదేళ్లకే వస్తోంది. 2015లో ఐడహో, ఓరెగన్ సరిహద్దులో సోడా ఫైర్ అనే కార్చిచ్చు దాదాపు 2.8 లక్షల ఎకరాలు కాల్చేసింది.

నవంబరులో గింజ ముదురుతుంది. కొమ్మలు దులిపి సంచుల్లో పోగుచేసి, కాలిన నేల మీద చలికాలంలో చల్లుతాం. చాలాసార్లు మొలకే కనబడదు. మరుసటి నవంబరుకు మళ్లీ సంచులు పట్టుకుని బయల్దేరతాం.