గుమ్మం దాకా వచ్చిన బొగ్గు గని: వెంట్‌వర్త్ వుడ్‌హౌస్ తగువు ఎక్కడ మొదలైంది?

ఇంగ్లండ్‌లో ఏ పాత దొరల భవంతి అమ్మకానికి వచ్చినా, దాన్ని బాగుచేయడానికి ఎవరు సర్కారు సొమ్ము అడిగినా వెంట్‌వర్త్ వుడ్‌హౌస్ పేరు మళ్లీ వినపడుతుంది. దక్షిణ యార్క్‌షైర్‌లో రాథర్‌హామ్ పట్టణానికి దగ్గర్లో ఉన్న ఈ ఇంటిని 2015లో 80 లక్షల పౌండ్ల ధర చెప్పి మార్కెట్‌లో పెట్టారు. 300కు పైగా గదులు. తూర్పు ముఖం పొడవే 606 అడుగులు. తోటలతో కలిపి 80 ఎకరాల పైచిలుకు నేల. లండన్ ఖరీదైన పేటల్లో ఒక మామూలు వీధి ఇల్లు అంతకంటే ఎక్కువ పలుకుతుంది. ఇంత చవకగా ఎందుకు ఇస్తున్నారో కొనడానికి వచ్చినవాళ్లకు లోపలికి అడుగుపెట్టగానే అర్థమయ్యేది. మరమ్మతుల అంచనా 4.2 కోట్ల పౌండ్లు.

మరుసటి ఏడాది, 2016 నవంబర్‌లో ఆర్థిక మంత్రి ఫిలిప్ హేమండ్ ఈ భవనం అత్యవసర మరమ్మతులకు 76 లక్షల పౌండ్లు ప్రకటించారు. గొడవ అక్కడే రాజుకుంది. లైబ్రరీలు మూతపడుతుంటే, పల్లెల్లో బస్సులు ఆగిపోతుంటే దొరల మేడకు కోట్లు పోస్తారా అని విమర్శకులు మండిపడ్డారు. పైగా అప్పటి అధికార పక్ష ఎంపీ జేకబ్ రీస్-మాగ్ అత్తగారు ఈ ఇంటి ఆడపడుచే. ఆ బంధుత్వం పత్రికలకెక్కింది. ఇల్లు ఆ కుటుంబం చేతిలోంచి 1989లోనే పోయిందనీ, డబ్బు వెళ్లేది ఒక ధర్మకర్తల ట్రస్టుకనీ ఎంతమంది చెప్పినా ఆ బంధుత్వం మాటే జనానికి గుర్తుండిపోయింది.

సర్కారు ఈ ఇంటికి ఏమైనా బాకీ ఉందా? అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు కావాలంటే 1946 ఏప్రిల్‌కు వెళ్లాలి.

అంతకుముందు కథ ఏ గైడ్ పుస్తకంలోనైనా దొరుకుతుంది: పద్దెనిమిదో శతాబ్దంలో రాకింగ్‌హామ్ మార్క్వెస్‌లు (మార్క్వెస్, ఎర్ల్ అనేవి దొరల బిరుదులు) కట్టించడం, వాళ్లలో రెండోవాడు రెండుసార్లు బ్రిటన్ ప్రధాని కావడం వగైరా. (తర్వాతి కాలంలో బెంగాల్ గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌ను పార్లమెంటు బోనులో నిలబెట్టిన ఎడ్మండ్ బర్క్ ఆ ప్రధాని దగ్గర ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసినవాడే. మనకు తగిలే పిసరంత చుట్టరికం అది.) ఇక్కడ తెలియాల్సింది ఒక్కటే. మార్క్వెస్‌ల తర్వాత ఆస్తి మేనల్లుడి వంశానికి, అంటే ఫిట్జ్‌విలియమ్ ఎర్ల్‌లకు వచ్చింది. వాళ్ల సంపదకు పెద్ద ఆధారం బొగ్గు. 1902లో ఆరో ఎర్ల్ చనిపోయినప్పుడు వదిలిన ఆస్తి 28 లక్షల పౌండ్లు, అదీ ఆ కాలపు లెక్కలో. కాబట్టి బొగ్గు ఈ ఇంటికి కొత్త చుట్టమేమీ కాదు. ఇంటి కింద, ఊళ్ల కింద, పొలాల కింద తరతరాలుగా వీళ్లే తవ్వించారు. ఈ సంగతి పక్కనపెట్టి చెబితే కథ ఏకపక్షమవుతుంది.

యుద్ధం ముగిసేసరికి బ్రిటన్‌లో బొగ్గు కరువు. ఎన్నికల్లో లేబర్ పార్టీ గెలిచింది. గనుల జాతీయీకరణ బిల్లు నడుస్తోంది. ఇంధన శాఖ మంత్రి ఇమాన్యుయేల్ షిన్‌వెల్ చేతిలో యుద్ధకాలపు అత్యవసర అధికారాలు ఇంకా ఉన్నాయి. ఏ భూమినైనా ఓపెన్‌కాస్ట్ (నేల పైనుంచి తవ్వే) గనుల కోసం స్వాధీనం చేసుకోవచ్చు. అప్పటికే ఎస్టేటు పార్కులో యంత్రాలు దిగాయి. 1946 వసంతంలో ఆయన ఇంటి పక్క తోటల్ని కూడా తవ్వమని ఆదేశించారు. పడమటి ముఖం వైపు, కుటుంబం కాపురముండే గదుల ముందు, పచ్చిక, పూలమళ్లు, వందల ఏళ్ల చెట్లు, అన్నీ పోతాయి. గని గుమ్మం దాకా వస్తుంది.

రామగుండం, కొత్తగూడెం, మందమర్రి వైపు పాఠకులకు ఓపెన్‌కాస్ట్ అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. బొగ్గు కంటే ముందు పైమట్టి తీయాలి. తీసిన మట్టి ఎక్కడో ఒకచోట పోయాలి. ఓబీ (ఆ పైమట్టి) కుప్పలు గుట్టల్లా లేస్తాయి. వెంట్‌వర్త్‌లో అవి లేచింది ఎర్ల్ పడకగది కిటికీల ఎదుట. తోటలో ఒకప్పుడు పెరిగిన పెద్ద చెట్లు వేళ్లతో సహా ఆ మట్టిలోనే కలిసిపోయాయి.

ఎర్ల్ పీటర్ ఫిట్జ్‌విలియమ్ యుద్ధం నుంచి తిరిగొచ్చి ఎన్నాళ్లో కాలేదు. తండ్రి 1943లో పోయాడు. పీటర్ షెఫీల్డ్ విశ్వవిద్యాలయ ఇంధన నిపుణుల చేత ఆ బొగ్గును పరీక్ష చేయించారు. తోట కింద ఉన్నది నాసిరకమనీ, ఇంత పాడుచేసి తీయదగ్గ సరుకు కాదనీ వాళ్లు తేల్చారు. మంత్రి మాత్రం అది మేలురకం బొగ్గేనని పట్టుబట్టారు.

ఇక్కడిదాకా ఇది ఒక దొరకీ ఒక సోషలిస్టు మంత్రికీ మధ్య తగువు. ఇలాంటివి ఆ రోజుల్లో చాలా జరిగాయి. దీన్ని వేరుచేసింది తర్వాత జరిగిన సంగతి. గని కార్మికులు దొర పక్షాన నిలబడ్డారు.

యార్క్‌షైర్ గని కార్మిక సంఘం అధ్యక్షుడు జో హాల్ మెత్తటి మనిషి కాదు, యాజమాన్యాలకు భజన చేసే రకమూ కాదు. ఆయనే ప్రధాని క్లెమెంట్ అట్లీని పట్టుకుని ఈ పని ఆపించమన్నారు. ఈ ప్రాంతపు కార్మికులకు ఆ పార్కు పవిత్రమైన నేల అనీ, అది పాడవకుండా చూడటానికి వాళ్లు ఎంతదూరమైనా వెళ్తారనీ చెప్పారు. సమ్మె మాట కూడా వినపడింది. కారణాలు ఊహించడం కష్టం కాదు. ఆ పార్కులోకి ఊరి జనం ఏళ్ల తరబడి స్వేచ్ఛగా వెళ్లేవాళ్లు. ఎస్టేటు గనుల్లో పని చుట్టుపక్కల గనులకంటే నయమన్న పేరుంది. 1926 సమ్మె నెలల్లో కార్మికుల పిల్లలకు ఎస్టేటు తరఫున భోజనాలు పెట్టారు. దీన్ని పెద్దరికం చూపించుకోవడం అనుకోవచ్చు, నిజంగా కొంత అదే. కానీ కొండంత మట్టి తెచ్చి ఎవరి గుమ్మం ముందు పోస్తే ఎవరికి బాధో గని కార్మికుడికి మంత్రికంటే బాగా తెలుసు.

అట్లీ వెనక్కి తగ్గలేదు. తవ్వకం సాగింది.

షిన్‌వెల్ పక్షం ఏమిటంటే, దేశానికి బొగ్గు కావాలి, అది భూమిలో ఉంది, దాని మీద ఎవరి పూలమొక్కలున్నాయో చూస్తూ కూర్చోలేం. అందులో న్యాయం లేకపోలేదు. 1947 ఫిబ్రవరిలో మంచు ముంచెత్తి, బొగ్గు అందక కరెంటు కోతలు పడ్డప్పుడు, ఫ్యాక్టరీలు ఆగిపోయినప్పుడు జనం తిట్టింది ఆయన్నే. ఆ ఏడాదే ఆ శాఖ ఆయన చేయి దాటిపోయింది. వర్గ కక్షతోనే ఇంటి ముంగిట తవ్వించాడన్న ఆరోపణ మాత్రం చివరిదాకా వెంటాడింది. ఆయన 101 ఏళ్లు బతికారు.

ఆ తర్వాత అంతా ఒకదాని మీద ఒకటి. 1948 మే 13న పీటర్ విమాన ప్రమాదంలో పోయారు. పక్కన జాన్ కెనడీ చెల్లెలు కాథ్లీన్ ఉన్నందున ఆ ప్రమాదం గురించి రాసిందే రాశారు, ఇక్కడ అనవసరం. ఈ కథకు పనికొచ్చే ముక్క ఏమిటంటే, ఆయనకు ఒక్కతే కూతురు. బిరుదు దాయాదులకు పోయింది. ఐదేళ్ల వ్యవధిలో ఇద్దరు ఎర్ల్‌లు చనిపోయారు కాబట్టి వారసత్వ పన్ను రెండుసార్లు మీద పడింది. ఇంటి ముందు గని, లోపల సామాను వేలం. స్థానిక కౌన్సిల్ ఇంటిని లీజుకు తీసుకుని ఆడపిల్లల వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ కళాశాల పెట్టింది. ఆ ఒప్పందం కుదరడంలో ముఖ్యపాత్ర పీటర్ మేనత్త లేడీ మేబెల్‌ది. ఆమె లేబర్ పార్టీ కౌన్సిలర్! దొరల ఇంట పుట్టిన ఆ సోషలిస్టు పేరే కళాశాలకు పెట్టారు. పాలరాతి హాల్లో అమ్మాయిలు కసరత్తులు చేశారు, బ్యాడ్మింటన్ ఆడారు. ఇల్లు పడిపోకుండా నిలబడింది అంటే అది చాలావరకు ఆ విద్యార్థినుల చలవే. తర్వాత షెఫీల్డ్ పాలిటెక్నిక్ వచ్చింది, 1980ల చివర్లో ఖర్చు భరించలేక వదిలేసింది. 1989లో ఒక వ్యాపారి కొన్నాడు, అప్పుల్లో మునిగాడు, బ్యాంకు జప్తు చేసుకుంది.

కుటుంబం పక్షానికి ఇంత చోటిచ్చాక ఒకటి చెప్పాలి. 1972లో పదో ఎర్ల్ ఇరవయ్యో శతాబ్దపు ఎస్టేటు కాగితాల్ని కుప్పపోసి తగలబెట్టించారు. 16 టన్నులు. మంటలు మూడు వారాలు మండాయట. గనుల లెక్కలు, ఉత్తరాలు, బహుశా మంత్రిత్వ శాఖతో నడిచిన వ్యవహారంలో కొంత కూడా అందులో పోయి ఉండొచ్చు. సర్కారు అన్యాయం చేసింది అనేవాళ్ల దగ్గర కాగితాలు ఎందుకు తక్కువో అడిగితే ఈ మంట గుర్తుచేయాల్సి వస్తుంది.

1998లో రిటైరైన ఆర్కిటెక్టు క్లిఫర్డ్ న్యూబోల్డ్ దాదాపు 15 లక్షల పౌండ్లకు ఇంటిని కొన్నారు. కొడుకులతో కలిసి గది తర్వాత గది బాగుచేయించారు, తోటల్ని శుభ్రం చేయించారు, జనానికి తలుపులు తెరిచారు. గోడల పగుళ్లు మాత్రం ఆగలేదు. కింద పాత గనుల్లో నేల కుంగడమే కారణమంటూ ప్రభుత్వ బొగ్గు సంస్థ బాధ్యతల్ని వారసత్వంగా పొందిన కోల్ అథారిటీ మీద 10 కోట్ల పౌండ్ల పరిహారం అడిగారు. నోటీసులు సరైన పద్ధతిలో ఇచ్చారా లేదా అన్న దగ్గరే కేసు ఏళ్లు సాగింది. 2013లో అప్పీలు కోర్టు ఆ విషయంలో న్యూబోల్డ్‌ల వైపు మొగ్గింది. అసలు విషయం మీద 2016 అక్టోబర్‌లో ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది: ఈ నష్టానికి గనుల కుంగుబాటు కారణం కాదు, పరిహారం లేదు. క్లిఫర్డ్ ఆ తీర్పు చూడలేదు, 2015లోనే చనిపోయారు. ఇల్లు అమ్మకానికి వచ్చింది కూడా అందుకే.

ఇక్కడ ఒక గందరగోళం ఉంది, వాదించేవాళ్లు తరచూ పడేది. ట్రిబ్యునల్ తేల్చింది భూమి అడుగున గనుల వల్ల గోడలు పగిలాయా అన్న సంగతి. 1946లో షిన్‌వెల్ చేయించింది పైనుంచి తవ్వకం. దాని వల్ల పోయింది తోట, పార్కు, ఆ ఇంట్లో కాపురముండాలన్న కుటుంబం కోరిక.  ట్రిబ్యునల్ కాదంది కాబట్టి సర్కారు ఏమీ చేయలేదనడం, పగుళ్లన్నీ షిన్‌వెల్ పాపమే అనడం, రెండూ తప్పే. తీర్పు అక్టోబర్‌లో, 76 లక్షల ప్రకటన నవంబర్‌లో. నెలన్నర తేడా. రెంటికీ సంబంధం ఉందని చెప్పలేం.

కొనుగోలు కథ వేరే. హాంకాంగ్ కంపెనీ ఒకటి ముందుకొచ్చి వెనక్కి తగ్గింది. పరిరక్షణ కోసం ఏర్పడ్డ ట్రస్టు 70 లక్షల పౌండ్లకు బేరం కుదుర్చుకుని, 2017 మార్చిలో ఇంటిని చేతికి తీసుకుంది. అందులో సగానికి పైగా, 35.75 లక్షలు, జాతీయ వారసత్వ స్మారక నిధి ఇచ్చింది. సర్కారు 76 లక్షలు ఇంటి కొనుగోలుకు పోయాయని ఇప్పటికీ రాసేవాళ్లున్నారు. అవి పోయింది ప్రధానంగా పైకప్పు పనులకు.

ట్రస్టు చేతికి ఇల్లు, తోటలు వచ్చాయి. చుట్టూ కనపడే వేల ఎకరాల ఎస్టేటు రాలేదు. జింకలు మేసే పార్కు, పొలాలు, ఊళ్లో కౌళ్లు వచ్చే ఇళ్లు ఇంటి నుంచి ఎప్పుడో విడిపోయాయి. పూర్వం ఈ గదుల్ని పోషించింది ఆ భూమీ, దాని కింది బొగ్గూ. ఇప్పుడు టికెట్లు, పెళ్లిళ్లు, షూటింగులు, విరాళాలు పోషించాలి. పైకప్పు పని జరుగుతున్నప్పుడు పరంజా మీదికి కూడా జనాన్ని టికెట్ పెట్టి ఎక్కించారు.

తోటలో శిథిలమైపోయిన కమేలియా అద్దాల ఇంటిని బాగుచేసి 2024లో టీ దుకాణంగా తెరిచారు. కప్పు ఊడి ఏళ్లపాటు ఎండకూ వానకూ వదిలేసినా లోపలి కమేలియా చెట్లు చావలేదు. పాశ్చాత్య దేశాల్లో బతికున్న అతి పాత కమేలియాల్లో అవి కొన్ని.