డెంగీ టీకా: కోతులు ముందే చెప్పిన సంగతి

వానలు పడ్డాయంటే హనుమకొండ టీ కొట్ల దగ్గర ప్లేట్‌లెట్ల ముచ్చటే, ఎవరికి ఎంతకు పడ్డాయి, బొప్పాయి ఆకు రసం తాగించారా లేదా అని. దాంతోపాటే వాట్సాప్‌లో పాత గొడవ మళ్లీ లేచింది. మన దేశంలో 10,335 మందితో ట్రయల్ పెట్టిన టీకా ఎప్పుడొస్తుందని ఒకరు, కోతుల్ని, ఎలుకల్ని హింసించి చేసే టీకా మనకెందుకని ఇంకొకరు. 2023లో కేంద్రం రూల్స్ మార్చి జంతువులు లేని పరీక్షలకూ దారిచ్చింది కాబట్టి రెండోవాళ్ల గొంతు కాస్త పెరిగింది.

దోమ, నాలుగు రకాల వైరస్... అవన్నీ తెలిసినవే, వదిలేద్దాం. నా లెక్కలో అసలు మలుపు 1970లలో, రీసస్ కోతుల బోనుల దగ్గరుంది. డెంగీ ఎక్కించినా కోతి మనలా మంచం పట్టదు, రక్తం తీసి చూస్తేనే వైరస్ తెలుస్తుంది. అమెరికా సైంటిస్టు స్కాట్ హాల్‌స్టెడ్, డెంగీ యాంటీబాడీలున్న (వైరస్‌తో పోరాడేందుకు ఒంట్లో తయారయ్యేవి) మనుషుల బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన సీరం, అంటే రక్తంలోని పలచటి ద్రవం, కోతులకు ఎక్కించి, తర్వాత ఆ నాలుగింటిలో రెండో రకం డెంగీ వైరస్ ఇచ్చాడు. కాపాడాల్సిన యాంటీబాడీలే వైరస్‌ను పెంచాయి, కొన్నింటిలో 50 రెట్ల దాకా. 1979లోనే అచ్చయిన సంగతి ఇది.

తర్వాత ఫ్రాన్స్ మందుల కంపెనీ సనోఫీ చేసిన డెంగీ టీకా వేసిన కోతులు వైరస్‌ను చాలావరకు తట్టుకున్నాయి, అందరికీ ధీమా వచ్చింది. 2012లో థాయిలాండ్ పిల్లల్లో చూస్తే రక్షణ 30 శాతమే, రెండో రకం మీద దాదాపు ఏమీ లేదు, అదీ యాంటీబాడీలు బాగానే తయారైనా! అయినా ఆగలేదు. 2016లో ఫిలిప్పీన్స్‌లో 8 లక్షలకు పైగా పిల్లలకు వేయడం మొదలైంది, ఆ ఏడాదే హాల్‌స్టెడ్ వద్దని మొత్తుకున్నాడు. 2017 నవంబరులో కంపెనీయే చెప్పింది, అంతకుముందు డెంగీ రాని పిల్లలకు ఈ టీకా వేస్తే తర్వాత జబ్బు ముదిరే ప్రమాదం ఉందని. ఇదివరకే డెంగీ వచ్చినవాళ్లకు మేలు జరిగిందన్నది కంపెనీ మాట, అదీ నిజమే.

కోతి అబద్ధం చెప్పలేదు, రెండోసారి దాన్ని సగమే అడిగారు: టీకా వైరస్‌ను ఆపుతుందా అన్నారు గానీ, ఆ యాంటీబాడీలే జబ్బును పెంచుతాయా అనలేదు.

అందుకే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ చేసిన టీకాకు మనుషులనే అడిగారు. బలహీనపరిచిన రెండో రకం వైరస్‌ను వలంటీర్లకు ఎక్కిస్తే, టీకా వేసుకున్న 21 మందిలో ఒక్కరికీ అంటలేదు, వేసుకోని 20 మందికీ అంటింది. మన ట్రయల్‌లో ఉన్నది ఆ కుటుంబపు టీకానే.

ఇక జంతువు ఊసే లేని టీకా కావాలనేవాళ్లు ఇంకోటి చూడాలి. హైదరాబాద్ టీకాల కంపెనీ బయోలాజికల్ ఇ 2024లో తయారీకి ఒప్పుకున్న, జపాన్ కంపెనీ తకేడా డెంగీ టీకాలో మూలమైన రెండో రకం వైరస్‌ను థాయిలాండ్‌లో బలహీనపరిచింది కుక్క మూత్రపిండాల కణాల్లో, 53 సార్లు పెంచి.